నాయన నేర్చిన ఉర్దూ మాట

బాటనీ రికార్డులో నీడ వేయకూడదు. ఆకు గీయాలంటే దాని అంచు ఒక్క గీతతో గీయాలి. గీత మధ్యలో తెగకూడదు, పెన్సిలు రెండోసారి అదే దారిలో నడవకూడదు. ముదురుగా ఉన్నచోట కావాలంటే చుక్కలు పెట్టుకోవచ్చు, అంతే. ఈ సంగతి డిగ్రీ మొదటి ఏడాదే చెప్పారు. చెప్పినా నా చెయ్యి ఊరుకునేది కాదు. మందారపువ్వును నిలువునా కోసి బల్ల మీద పెడితే, దాని గొట్టంలో ఒక పక్కన నీడ నాకు కనబడుతూనే ఉండేది. కనబడేదాన్ని లేనట్టు గీయడం నా వల్ల కాలేదు. వేసేసేదాన్ని. వేసిన మరుక్షణం నుంచి గుండె దడ. మేడమ్ ఒక్కొక్క బల్లే చూసుకుంటూ నా దాకా వచ్చేలోపు రబ్బరు పెట్టి సగం చెరిపేదాన్ని, కాగితం నలిగి మురికయ్యేది. ఆవిడ దాన్ని పైకెత్తి, "ఇది రికార్డమ్మా, ఎగ్జిబిషన్ కాదు" అని ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత కొట్టేది. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, అరచేతుల్లో చెమట పోస్తుండగా.

అరవైలు ముగింపుకు వస్తున్న రోజులవి. మా ఇల్లు తార్నాకలో. అప్పటి తార్నాకలో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. మిద్దె ఎక్కితే ఒకవైపు మౌలాలి గుట్ట, ఇంకోవైపు క్యాంపస్ చెట్లు కనిపించేవి. నేను ఆ చెట్ల కిందుగా నడిచి సైన్సు కాలేజీకి వెళ్లేదాన్ని. నాయన కూడా అదే క్యాంపస్‌లో, యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగం దొరికాక మమ్మల్ని తీసుకుని కర్నూలు వైపు నుంచి వచ్చాడు. వచ్చి చాలా ఏళ్లయినా ఆయనకు హైదరాబాదు మాట పట్టుబడలేదు. పట్టుబడలేదని ఒప్పుకోవడం అంతకన్నా చేతకాదు. ఎవరు ఉర్దూ కలిపి ఏం మాట్లాడినా, తల పంకించి "అచ్ఛా, అచ్ఛా" అనేవాడు. అదొక్కటే ఆయనకొచ్చిన ఉర్దూ మాట. దానితోనే ఆఫీసు నెట్టుకొచ్చాడు.

ఒకసారి మా ఇంటి యజమాని గేటు దగ్గర నిలబెట్టి, "రేపు నల్లా బంద్ సార్" అన్నాడు. నాయన "అచ్ఛా" అన్నాడు. లోపలికి వచ్చి అమ్మతో గంభీరంగా, "రేపు ఊర్లో నల్ల బందంట. నల్ల జెండాలు పట్టుకుంటారేమో, ఎవురూ బయటికి పోవాకండి" అన్నాడు. మేం తలుపులు వేసుకుని కూర్చున్నాం. మర్నాడు ఊళ్లో ఏ గొడవా లేదు, మా ఇంట్లో మాత్రం చుక్క నీళ్లు లేవు. నల్లా అంటే కొళాయి అని అమ్మకు అప్పుడు తెలిసింది. నాయన మాత్రం ఆ సంగతి తనకు ముందే తెలుసునన్నట్టు పేపరు చదువుకుంటూ ఉండిపోయాడు.

ఆ ఇంటి యజమానిది ఘట్‌కేసర్ వైపు కాపుదనం. పొలం అన్నదమ్ములకు ఒప్పజెప్పి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ముందుభాగంలో వాళ్లు, వెనకభాగంలో మేము. ఆయన్ని పెదనాయన అనీ, ఆవిడను పెద్దమ్మ అనీ పిలిచేదాన్ని. పెదనాయనకు పావురాలంటే ప్రాణం. మిద్దె మీద చెక్కపెట్టెల్లో పెంచేవాడు. పొద్దున, సాయంత్రం వాటిని ఎగరేసి, నోట్లో వేళ్లు పెట్టుకుని ఈల వేసేవాడు. పెద్దమ్మ కింద గిన్నెలు తోముతూ గొణిగేది: "గీయనకు కబూతర్ల షౌక్. బువ్వ యాదికుండదు, కబూతర్లు యాదికుంటయి." ఆ పావురాలు ఎండేసిన పంచె మీద రెట్ట వేసినప్పుడల్లా నాయన పైకి చూసి, "పనీ పాటా లేకుంటే ఇట్లే" అనేవాడు. పెదనాయన మిద్దె దిగి వచ్చేసరికి మాత్రం నవ్వు మొహం పెట్టేవాడు.

నేను ఆ పావురాలను గీసేదాన్ని. బస్సులో కునికే మనుషుల్ని, క్యాంపస్ వెనక బస్తీలో రాళ్లు కొట్టే ఆడవాళ్లను, అమ్మ చేతుల్ని గీసేదాన్ని. దొరికిన కాగితమల్లా పాడుచేసేదాన్ని. ఇంట్లో దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు. కుట్లు, అల్లికలు చేసుకునే పిల్లల్లాగే నేనూ అనుకున్నారు. నా లోపల ఉన్నది వేరే. సిటీలో బొమ్మల కాలేజీ ఒకటుందని, అక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా గీయడమే చదువని తెలిసిన రోజునుంచి నాకు మనసు మనసులో లేదు. గీయడమే నా పని కావాలి. ఎవరైనా నువ్వేం చేస్తావని అడిగితే బొమ్మలు వేస్తానని చెప్పాలి. ఈ కోరిక బయటికి చెబితే నవ్వుతారని భయం, చెప్పకపోతే ఏళ్లు గడిచిపోతాయని భయం. ఈ రెండు భయాల మధ్య ఆ ఏడాదంతా నాకు సరిగా నిద్ర లేదు.

మా డిపార్టుమెంటులో ఒక ఆర్టిస్టు ఉండేవాడు. పాఠాలకు కావలసిన చార్టులు గీయడమే ఆయన ఉద్యోగం. గుడ్డ అంటించిన పెద్ద కాగితాల మీద వేరు, కాండం, పువ్వు, అన్నీ నల్ల సిరాతో గీసి రంగులు నింపేవాడు. పాతబస్తీలో పుట్టి పెరిగిన తెలుగాయన. తెల్లచొక్కా మీద ఎప్పుడూ సిరా మరక ఉండేది. టీ సాసర్‌లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవాడు. చార్టు రేపు కావాలంటే వచ్చేవారం అనేవాడు, వచ్చేవారం అడిగితే అలిగేవాడు. నా రికార్డు దిద్ది దిద్ది విసిగిన మేడమ్, "ఆయన దగ్గరికి పోయి శుభ్రమైన గీత ఎలా ఉంటుందో చూసి రా" అని పంపింది. శిక్షగా పంపింది కానీ నాకు పండగైంది. ఆపైన రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని ఆయన గదికి వెళ్లేదాన్ని.

ఒకరోజు ధైర్యం చేసి నా బొమ్మలన్నీ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ తిప్పాడు. అమ్మ చేతుల బొమ్మ దగ్గర ఆగాడు. "హా" అన్నాడు. మళ్లీ తిప్పాడు. చివర్న అన్నీ సర్ది నాకిచ్చి, "చాయ్ తాగుతవా బిడ్డా?" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ "హా" బాగుందనా, ఇంతేనా అనా? ఇంటికి నడుస్తున్నంతసేపూ దాన్ని రకరకాలుగా పలికి చూసుకున్నాను. దారిలో ఎవరో నన్ను వింతగా చూశారు కూడా.

ఇంకోసారి అడిగాను. "మీరు ఇంట్లో ఏం గీస్తారు సార్?"

"ఇంట్లనా? ఇంట్ల పెన్సిల్ ముట్ట. గీడ దినమంతా ఆకులు గీసినంక గాడ ఏం గీస్త? కండ్లు మూస్తే ఆకులే." నవ్వాడు. తర్వాత కడిగిన కలాన్నే మళ్లీ కడిగాడు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆయన ఉద్యోగం భూమ్మీద ఉన్న ఉద్యోగాల్లోకెల్లా గొప్పదిగా కనిపించేది.

ఆఖరి ఏడాది పరీక్షలు దగ్గర పడుతుండగా సిటీ బస్సెక్కి బొమ్మల కాలేజీకి వెళ్లి అప్లికేషను తెచ్చుకున్నాను. దాని మీద తండ్రి సంతకం కావాలి. నాయన ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక ముందర పెట్టాను.

అమ్మ వెంటనే, "డిగ్రీ చదివి మళ్లీ బొమ్మలేసేదేంది? ఎమ్మెస్సీ చేస్తే లెక్చరరు అయితావు కదమ్మే" అంది.

నాయన కోప్పడలేదు. అప్లికేషను ముందూ వెనకా తిప్పి చూశాడు. "నాకీ బొమ్మల సంగతి తెలీదు పాపా. అవునని అనలేను, కాదని అనలేను. తెలిసినోళ్లను అడుగుతా. మీ డిపార్ట్‌మెంటులో బొమ్మలాయన ఉండాడు కదా, ఆయన్నే అడుగుతా. పనికొస్తుందంటే సంతకం పెడతా."

ఇంత న్యాయంగా మాట్లాడతాడని నేను అనుకోలేదు. సంతోషించబోయి ఆగాను. ఇప్పుడు అంతా ఆ "హా" అన్న మనిషి చేతిలో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నాయన ఆర్టిస్టు గదికి వచ్చాడు. నేను ఎదురుగా ఉన్న వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాను. కిటికీలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు, మాట వినబడదు. ఆర్టిస్టు రెండు చేతులూ ఊపుతూ మాట్లాడుతున్నాడు. ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నాయన తల ఊగుతోంది. పెదాలు చూస్తే తెలుస్తోంది, "అచ్ఛా, అచ్ఛా." ఆర్టిస్టు మొహం వెలిగిపోతోంది. నాయన మొహం మాత్రం నిమిష నిమిషానికీ చిన్నబోతోంది. నవ్వే మనిషిని నమ్మాలా, చిన్నబోయే మనిషిని నమ్మాలా నాకు తెలియలేదు. గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. నాయన సగం దారిలో నా కాళ్ల వైపు చూసి, "ఆ చెప్పులు ఎప్పుడు కొన్యావు?" అన్నాడు.

"పోయిన దసరాకి. నువ్వే కొనిస్తివి కదా నాయనా."

"ఊఁ" అన్నాడు. బొమ్మల గురించి అడగబోయి ఆగిపోయాను.

ఆ మర్నాటినుంచి మా ఇల్లు మారిపోయింది. అమ్మ నా జడకుచ్చులు తీసి పెట్టెలో పెట్టింది. పౌడరు డబ్బా కనబడలేదు. అద్దం ముందు నిలబడితే, "ఎంతసేపమ్మే" అని వెనకనుంచి గొంతు. పూల వాయిలు ఓణీ ఇస్త్రీ చేసుకుంటుంటే లాక్కుని, నేతది చేతిలో పెట్టింది. నాయన పొద్దున నాతోపాటే బయల్దేరేవాడు, కాలేజీ మెట్ల దాకా వచ్చి, నేను లోపలికి వెళ్లేదాకా నిలబడేవాడు. సాయంత్రం మళ్లీ అక్కడే ఉండేవాడు. ఆర్టిస్టు గది వైపు తల తిప్పనివ్వలేదు. అప్లికేషను రేడియో పక్కన పెట్టిన చోటే ఉంది. ఆఖరు తేదీ దగ్గరికొస్తోంది.

నాకు అర్థమైనదల్లా ఒక్కటే. బొమ్మలు బాగాలేవని ఆయన చెప్పాడు. బాగాలేకపోవడం మాత్రమే కాదు, ఏదో సిగ్గుపడాల్సినంత నాసిగా ఉన్నాయని చెప్పి ఉంటాడు. అయితే జడకుచ్చులేం చేశాయి? ఓణీ ఏం చేసింది? ఈ రెంటికీ లంకె ఎక్కడో తెలియక తల పగిలిపోయేది. పెన్సిలు పట్టుకుంటే గీత మధ్యలో తెగేది. తెగిన గీతను చూసి, అవును, ఆయన చెప్పింది నిజమే, నాకు రాదు అనుకునేదాన్ని. ఆ కొద్ది రోజుల్లో నా మీద నాకు ఎంత అసహ్యం పుట్టిందో చెప్పలేను.

చివరికి అమ్మే బయటపడింది. పెరట్లో బియ్యం చెరుగుతూ, నేను కొత్త రిబ్బను అడిగినందుకు చాట కింద పెట్టి ఏడ్చేసింది.

"ఇంకా ఏం సోకులమ్మే నీకు? నీకు సోకులు ఎక్కువయినాయని ఆ బొమ్మలాయన మీ నాయన మొగం మీదే చెప్పినాడంట. 'మీ బిడ్డకు మస్తు సోకు ఉండాది, ఇంత సోకు నేను యాడా చూళ్లేదు' అని. అట్లా మాట ఒక తండ్రి వినాల్సినదేనా? ఆ పొద్దునుంచి మీ నాయన కూడు సరిగ్గా తినడంల్యా. పిల్లను కాలేజీకి పంపి తప్పు చేసినానని కుములుతాండాడు."

నాకు సోకా? ఉన్నవి రెండు మంచి ఓణీలు. ఇంతలో మిద్దె మీద పెదనాయన ఈల వేశాడు, పావురాలు రెక్కలు టపటపలాడిస్తూ లేచాయి. "షురూ అయింది ఈయన షౌక్" అని పెద్దమ్మ ముందువైపునుంచి అరిచింది.

సోకు కాదు. షౌక్!

పెరట్లోంచి ఇంట్లోకి ఎట్లా పరిగెత్తానో తెలియదు. నాయన కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. నా ఆనందంలో, నా తొందరలో, వెతికి మాట్లాడే ఓపిక లేక, చేతికి దొరికిన మాటతో చెప్పాను. "నాయనా, ఆయన చెప్పింది సోకు కాదు. షౌక్! ఉర్దూ మాట. సింగారం కాదు నాయనా. మిద్దె మీద పెదనాయనకు పావురాలంటే ఎట్లనో, నాకు బొమ్మలంటే అట్లని చెప్పినాడు."

నాయన కళ్లు తెరిచాడు. "పావురాలా?"

"ఆఁ. పావురాల షౌక్ అంటుంది కదా పెద్దమ్మ."

"అంటే, సరదా."

"సరదా అంటే... సరదా కాదు, అంతకన్నా..." అని ఆగిపోయాను. అంతకన్నా ఏమిటో నాకు మాట దొరకలేదు. ఆయన అప్పటికే వినడం మానేశాడు. మొహం మీద నుంచి బరువు దిగిపోతోంది. నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఏమే, ఇట్లరా, మన పాపకు సోకు కాదంట, సరదా అంట" అని అమ్మను కేకేశాడు. "నేనెంత ఎర్రి నాయాల్నే! ఎన్ని దినాలు అన్నం మింగుడు పడలేదు నాకు." నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ గుర్తుంది. ఇక సంతకం పెడతాడు, గండం గడిచింది అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం సుల్తాన్ బజారు దాకా వెళ్లి నాయన ఒక రంగుల పెట్టె తెచ్చాడు. పిల్లలు వాడే బిళ్లలు కావు. గొట్టాల్లో ఉండే అసలైన నీటిరంగులు, రెండు కుంచెలతో సహా. అటువైపు వెళ్లినప్పుడల్లా కొట్టు అద్దాల బయటినుంచి నేను వాటిని చూసి వచ్చేసేదాన్ని. ఆయనకెట్లా తెలిసిందో. పెట్టె నా ఒళ్లో పెట్టి, బస్సులో నేర్చుకుంటూ వచ్చినవాడిలా జాగ్రత్తగా పలికాడు. "షౌక్. సరిగ్గా అన్యానా?"

"అన్నావు నాయనా."

"నీ షౌక్ నువ్వు చేసుకో పాపా. మేం అడ్డం రాము. యంత కావల్నంటే అంత గీసుకో."

నేను రేడియో వైపు చూశాను. అప్లికేషను అక్కడ లేదు. మడిచి అల్మారాలో పెట్టినట్టున్నారు. "మరి అప్లికేషను?" అని అడిగాను.

నాయన హాయిగా నవ్వాడు. "అదేమిటికి ఇంక? మీ పెదనాయన పావురాల కోసరం కాలేజీకి పోయినాడా?"

అమ్మ కూడా నవ్వింది. పెట్టె ఒళ్లో ఉంది, కొత్త రంగుల వాసన వస్తోంది. పావురాల మాట నాదే. నేనే తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వాళ్లిద్దరూ అన్ని రోజుల తర్వాత నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. అరచేతుల్లో చెమట.

మర్నాడు ఆర్టిస్టు గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయన మొదట సోకు కథ విని పగలబడి నవ్వాడు. పావురాల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"కబూతర్లా? తౌబా! నేను గట్లనలే బిడ్డా. మస్తు షౌక్ ఉన్నదంటే, దాని జాన్, దాని పానమే గా బొమ్మలల్ల ఉన్నదని. గా షౌక్ లేకుంటే గీసుడెందుకు? నీ తాన ఉన్నదని చెప్పిన." టీ సాసర్ పక్కకు నెట్టాడు. "నేనే వస్త ఇంటికి. మీ నాయినకు సమజయ్యేటట్టు చెప్త. ఫికర్ చెయ్యకు."

అంటే ఆ "హా" బాగుందన్నదే. అది తెలిసిన ఆనందం కూడా నిలవలేదు, ఆఖరు తేదీ ముంచుకొస్తోందన్న భయం దాన్ని తినేసింది.

ఆదివారం ఆయన వచ్చాడు. మరకలేని చొక్కా వేసుకున్నాడు. నాయన ఎదురెళ్లి కుర్చీ వేశాడు, అమ్మ కాఫీ ఇచ్చింది. నేను వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. ఆయన ఇంకా గొంతు సవరించుకుంటుండగానే నాయన రంగుల పెట్టె తెచ్చి మూత తీసి చూపించాడు.

"ఆ పొద్దు మీ మాట తప్పుగా అర్థం చేసుకుంటి సార్. ఇప్పుడు తెలిసింది. షౌక్! చూడండి, అందుకే తెచ్చినా."

ఆర్టిస్టు ఆ పెట్టె చూశాడు. మంచి రంగులని ఆయనకు తెలుసు. ఒక గొట్టం తీసి పట్టుకుని మళ్లీ దాని గూట్లో పెట్టాడు. "మంచిగున్నయి సార్. గానీ బిడ్డను కాలేజీల ఏయుండ్రి. నేర్పెటోళ్లు కావాలె. లేకుంటే ఈ షౌక్ గిట్లనే ఇంట్ల పడి పోతది."

నాయన వాదించే మనిషి కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "మీరు ఇన్నేండ్లుగా బొమ్మల ఉద్యోగమే చేస్తాండారు కదా సార్. మీకు షౌక్ ఉండాదా? ఇంటికాడ వేస్తుంటారా?"

మిద్దె మీద గూళ్లలో పావురాల చప్పుడు వినిపిస్తోంది. ఆర్టిస్టు నా వైపు చూశాడు. అబద్ధం చెప్పమని నేను కళ్లతోనే బతిమాలాను. ఉన్నది సార్ అని ఒక్క మాట అంటే చాలు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"లేదు సార్" అన్నాడు.

"అదే నా భయం. ఉద్యోగం అయితే షౌక్ పోతుందేమోనని" అన్నాడు నాయన, మెల్లగా, ఆయన్ని నొప్పించకుండా. "ఎమ్మెస్సీ చేయనీండి. ఉద్యోగం దానితో చేసుకుంటుంది. ఇది ఇంట్లోనే పెట్టుకోనీండి, పోకుండా."

ఆర్టిస్టు కాసేపు తన చేతుల్ని చూసుకున్నాడు. తర్వాత తల ఊపి, "అచ్ఛా" అన్నాడు. నాయన అర్థం కాక అనే మాట అది. ఈయన అంతా అర్థమై అన్నాడు. గేటు దాటుతూ నా వైపు తిరిగి చూడలేదు. నాయన మీద నాకు కోపం రావాలి. రాలేదు. నా షౌక్ పోతుందనే ఆ మనిషి భయపడుతున్నాడు, దానితో ఏం పోట్లాడను?

ఆఖరు తేదీ వచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు మిద్దె ఎక్కి కొత్త రంగులతో పావురాలు వేశాను. రెక్కల కింద నీడలు వేశాను, వేలితో రుద్దాను, నాకు తోచినంత చీకటి చేశాను. నాయన దానికి ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ, "మా పాపకు షౌక్" అని చెప్పేవాడు. ఎంత స్పష్టంగా పలికేవాడో.

నేను ఎమ్మెస్సీ చేశాను, బాటనీ చెప్పాను. పిల్లల రికార్డుల్లో నీడ కనిపిస్తే ఎర్ర సిరాతో గీత కొట్టాను, కొట్టక తప్పదు. ప్రతి సాయంత్రం ఇంట్లో బొమ్మలు వేశాను. నాయన భయపడినట్టు అది పోలేదు, ఈ వయసులోనూ ఉంది. చూసినవాళ్లు బాగుంది అంటారు. షౌక్‌గా వేసినదానికి బాగుందా, బొమ్మలే పనిగా ఉన్నవాళ్ల లెక్కన బాగుందా అని అడగబోయి, ఆ వరండాలో స్తంభం పక్కన నిలబడినట్టే ఆగిపోతాను. నా బొమ్మల నిండా నీడలే. వాటి మీద ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క ఎర్ర గీత కూడా కొట్టలేదు.